గోడలో పుట్టిన రావి

పాతబస్తీలో పాత గోడ ఉన్నచోట రావిమొక్క ఉండక మానదు. శాలిబండ నుండి చార్మినారు దిక్కుగా నడచుచు, అంగళ్ళ మీది చూపును కొంచెము పైకి మరల్చినవారికి, పిట్టగోడల మీద, మేడల చూరుల క్రింద, వాననీటి తూములు దిగిన చారికల వెంట, తోకలుగల లేత ఆకులు గాలి లేకున్నను అల్లలాడుచు అడుగడుగునను కనబడును. వానిని నాటినవారు లేరు. నీరు పోసినవారు అంతకన్న లేరు. ఏ కాకియో గోరువంకయో ఎక్కడనో పండు తిని వచ్చి, ఆ గోడమీద వ్రాలి, రెట్టవేసి పోయినది. ఆవగింజకన్న చిన్నదైన ఆ విత్తు పక్షి కడుపులో చెడక, డంగుసున్నపు పగులులోనికి జారి, తొలకరి తడికి కన్ను తెరచినది. డంగుసున్నము సిమెంటువలె నీటిని విదలించివేయునది కాదు, పీల్చుకొని దాచుకొనునది. అందువలన మండువేసవిలో సయితము ఆ పగులులో వేరు తడుముకొనుటకు కొంత చెమ్మ మిగిలియుండును. ఛాందోగ్యోపనిషత్తులో ఉద్దాలకుడు కుమారునిచేత మఱ్ఱిపండు తెప్పించి, విత్తు పగులగొట్టించి, లోపల ఏమున్నదని అడిగి, ఏమియు లేదనిపించి, ఆ కనబడనిదానినుండియే ఇంత మహావృక్షము నిలిచియున్నదని బోధించిన ఘట్టమును చదివినప్పుడెల్ల నాకు మా వీధిలోని గోడలే జ్ఞప్తికి వచ్చును.

మా వీధి చివర, ఒకనాటి దేవిడీలో మిగిలిన భాగముగా, రెండంతస్తుల ఇల్లొకటి ఉండెను. వీధివారందరు ఖాలా అని పిలుచు వృద్ధురాలు ఆ ఇంట పెండ్లికూతురుగా అడుగుపెట్టి, అక్కడనే పిల్లలను కని పెంచి, తుదకు వారు పంచుకొనవలసి వచ్చినందున దానిని అమ్మివేసెను. రెండేండ్ల క్రిందట, రోహిణి వెళ్ళి మృగశిర రాబోవు దినములలో, ఆ యింటిని విప్పుటకు పాలమూరు నుండి పనివారు వచ్చిరి. మేడమీద పడమటి మూలను, పిట్టగోడలో, ఒక రావి ఉండెను. దానికి ఇరువదేండ్లకు తక్కువ లేవని ఖాలా చెప్పెను. ఎత్తు మాత్రము మూరన్నర. పండుగకు సున్నము వేయువారు ఏటేట దానిని నరికివేయుదురు, ఏటేట అది మరల చిగిర్చును. ఆ విధముగా కోతకును చిగురునకును నడుమ పెరిగి పెరిగి, కాండము నా ముంజేయి అంత లావెక్కి, ముడులు పడి, ఇటుకకు ఒత్తుకొన్న ప్రక్క బల్లపరుపై, శిల్పి చెక్కినను కుదరని ఒక ఆకృతిని పొందియుండెను. బోన్సాయి పెంచువారు ఇటువంటి మొదలు కొరకు కొండలెక్కి వెదకుదురు. నేను కొన్ని ఏండ్లుగా ఆ చెట్టును వీధిలోనుండి చూచుచు, మనసులో దానికి తొట్టియు, దిశయు, కొమ్మలును నిర్ణయించుకొనియే ఉంటిని. ఈ మాట ముందుగానే చెప్పవలెను. ఏలయన దానిని రక్షింప వెళ్ళినవాని మనసులో రక్షణేచ్ఛ యొక్కటియే లేకుండెను.

మేస్త్రీ గడ్డపార ప్రక్కన పెట్టి నిలుచుండెను. “రావిచెట్టు సార్ ఇది. దీని మీద నేను గడ్డపార ఎయ్య. మీరు తీస్కపోతరంటె చుట్టు గోడ నిమ్మలంగ ఇప్పుత. లేకుంటె ఇంకొకన్ని పిలుసుకొమ్మని శేటుకు చెప్త” అనెను. క్రింద కుర్చీలో కూర్చున్న ఖాలా తల పైకెత్తి, “నక్కో మారో బేటా, ఇసమేఁ జాన్ హై” అనెను. చంపవద్దు నాయనా, దీనిలో ప్రాణమున్నదని. ఒకరిది రావిని దైవమని మ్రొక్కు కులాచారము. మరొకరిది, నాటిన చెట్టు ఫలమును పక్షి తిన్నను అది దానముగానే లెక్కకు వచ్చునని ప్రవక్త మాటగా విని పెరిగిన సంస్కారము. ఇద్దరి మాటయు ఆ మొదలు దగ్గర ఒక్కటే అయినది.

మరునాడు ప్రొద్దున మేస్త్రీ ఒక కొబ్బరికాయ తెచ్చి, చెట్టుకు పసుపు పూసి, “తల్లీ, యేరే తావుకు పోదాం పా” అని మెల్లగా అనుచు కొట్టెను. వరాహమిహిరుడు ఆరవ శతాబ్దమున రచించిన బృహత్సంహితలో, విగ్రహమునకు కొయ్య తెచ్చువాడు చెట్టును నరుకుటకు ముందు రాత్రి దానికి పూజచేసి, బలి సమర్పించి, దీనిని ఆశ్రయించియున్న భూతములు మరియొక చోట నివాసము కల్పించుకొనవలెనని ప్రార్థింపవలెనని ఒక విధి యున్నది. మా మేస్త్రీ ఆ గ్రంథము పేరైన వినియుండడు. గ్రంథము చెప్పినదానికన్న ఆతని మాటలో ఒక సవరణ కలదు: గ్రంథము భూతములను వెళ్ళుమన్నది, ఇతడు చెట్టునే రమ్మన్నాడు.

ఇటుకలు ఒక్కొక్కటిగా ఊడదీయుకొలది, ఇరువదేండ్లు చీకటిలో జరిగిన వ్యవసాయమంతయు వెలుగులోనికి వచ్చెను. వేరు గుండ్రముగా లేదు. రెండు వరుసల నడుమ వ్రేలెడు సందులో ప్రాకినందున నాడావలె చదునై, ఇటుక మూల వచ్చినచోట లంబముగా మలగి, మరల తిన్నగా సాగి, నాలుగు మూరల దూరము గోడను చదివికొనుచు పోయినది. దానిమీద ఇటుకల గరుకుదనము అచ్చుపడియున్నది. బెరడు మడతలలో సున్నము గట్టిపడి తెల్లని గీతలుగా నిలిచినది. మూడు జానల దగ్గర రంపముతో కోసితిమి. పాలు ధారగా కారెను. కోతలకు కట్టెబూడిదయు పసుపును అద్ది, ఆకులన్నియు తుంచివేసి, మొదలును తడి గోనెసంచిలో చుట్టి, ఇద్దరము పసిబిడ్డను మోసినట్లు ఇంటికి తెచ్చితిమి.

ఆకులు తుంచుట చూచి ఖాలా నొచ్చుకొనెను. ఆకు నీటిని ఆవిరిగా విడుచు ద్వారము; త్రాగెడు వేళ్ళు తెగిపోయినప్పుడు విడిచెడు ద్వారములు తెరచియుంచినచో చెట్టు తనలోని నీటినే కోల్పోయి ఎండును. వేళ్ళకు ఉపవాసమైనప్పుడు ఆకులకును ఉపవాసమే మేలు. వెడల్పైన మట్టి గోలెములో, ఆ గోడ ఇటుకలనే శనగగింజంత ముక్కలుగా కొట్టి, నుసి జల్లించి పారవేసి, కొంత ఇసుకయు, బాగుగా మాగిన ఆకుఎరువు కొంచెమును కలిపి, అందులో నాటి, కదలకుండ కొబ్బరితాటితో గోలెమునకు కట్టితిని. మొదలు ఊగినచో అప్పుడే పుట్టు నూలుపోగులవంటి వేళ్ళు తెగిపోవును. ఈ కట్టు నీటికన్నను ముఖ్యము. వరాహమిహిరుడే వృక్షాయుర్వేదాధ్యాయమున, ఒకచోటినుండి మరొకచోటికి మార్చు చెట్టునకు నేయి, వట్టివేరు, నువ్వులు, తేనె, వాయువిడంగములు, పాలు, పేడ కలిపి వేరు మొదలు బోదె వరకు పూయవలెననియు, నాటువాడు శుచియై ఆ చెట్టును పూజించి నాటినచో అది ఉన్న ఆకులతోనే బ్రతుకుననియు చెప్పెను. నేను పేడయు తేనెయు పూసితిని. పూజ మా యింటివారు చేసిరి. ఆకులను మాత్రము నమ్మలేకపోతిని.

ఇక అసలు విషయము. చెట్టును పెకలించి తెచ్చుట ఒక పూట పని. దానిని కోలుకొననిచ్చుట ఏండ్ల పని, అందులోను అధికభాగము ఏమియు చేయకుండుటయే. ఈ ఏమియు చేయకుండుట నాకు చాల ఆలస్యముగా పట్టుబడినది. అంతకు మూడేండ్ల ముందు ఇదే విధముగా ఒక జువ్విని గోడనుండి తెచ్చియుంటిని. పదియవ నాడు చిగురు కనబడెను. బ్రతికినదని పొంగిపోయి, ఇరువదియవ నాడు ఎండలో పెట్టి, పేడనీళ్ళు పోసి, అంతటితో ఆగక, వేళ్ళు ఎంతవరకు వచ్చినవో చూడవలెనని మెల్లగా పైకెత్తి చూచితిని. వేళ్ళు లేవు. వారము తిరుగకమునుపే చిగుళ్ళు నల్లబడినవి. ఆ తొలి చిగురు వేరు పంపినది కాదు. కాండము తనలో దాచుకొన్న పిండిపదార్థమును కరిగించి వేసిన తుది పందెము. దానిని ఆరోగ్యమని భ్రమించి నేను ఆ పందెము గెలువనీయలేదు. ఆ జువ్వి నా చేతిలోనే పోయినది. కరవువలన కాదు, నా ఆత్రమువలన.

జపానులోను అమెరికాలోను ఇండ్ల ముంగిట ఏండ్ల తరబడి పెరిగిన సరళవృక్షములను, అనగా పైన్ చెట్లను, ఇల్లు మార్చువారో తోట మార్చువారో తీసివేయునప్పుడు బోన్సాయి సాధకులు తవ్వి తెచ్చుకొని కాపాడుట కలదు. వారికి ఈ పరీక్ష మరింత కఠినము. రావికి ఆకులన్నియు తుంచినను మొండిమోడు నుండి చిగిర్చును. పైన్‌కు సూదులు పూర్తిగా పోయిన కొమ్మ సాధారణముగా మరల చిగిర్పదు. దాని వేళ్ళను అంటిపెట్టుకొని తెల్లని బూజువంటి ఒక శిలీంధ్రము జీవించును, వేరు అందుకొనలేని నీటిని, లవణములను అది అందించును. కావున పాతమన్ను అంతయు కడిగివేయక, ఒక ప్రక్క ఇప్పుడు, మరొక ప్రక్క కొన్ని ఏండ్లకు, విడతలుగా మార్చుదురు. అన్నిటికన్న వింత యేమనగా, చచ్చిన పైన్ నెలల తరబడి పచ్చగానే ఉండును. సేవచేయువాడు ప్రాణము లేనిదానికి నీరు పోయుచుండవచ్చును, ప్రాణమున్నదానిని అనుమానముతో కదలించి చంపవచ్చును. వెలుపలి పచ్చదనము ప్రాణమునకు సాక్ష్యము కాదని ఆ చెట్టు చెప్పినంత స్పష్టముగా ఏ శాస్త్రమును చెప్పజాలదు.

ఉద్దాలకుడు మఱ్ఱివిత్తు పాఠమునకు ముందే మరియొక పాఠము చెప్పినాడు. మహావృక్షమును మొదట కొట్టినను, నడుమ కొట్టినను, కొనను కొట్టినను, అది రసము కార్చుచు జీవించుచునే యుండును. జీవుడు ఏ శాఖను విడుచునో ఆ శాఖ ఎండును. అన్నిటిని విడిచినచో అంతయు ఎండును. ఎండునది దేహమే కాని జీవుడు కాడు. రావి పాలు నా చేతులమీద కారిన దినమున ఈ పాఠము నాకు గ్రంథములోనిది కాక పోయినది. ఆ పిమ్మట నలుబది దినములు నేను చేసినదెల్ల, సాయంకాలమున గోటికొనతో బెరడు రవ్వంత గీచి, లోపల పచ్చగా ఉన్నదని చూచి మరల మూయుట. తరువాత అదియు మానితిని. చూచుట నా ఆందోళనకు మందే కాని చెట్టునకు గాయము కదా! శ్రావణమాసమున ఎఱ్ఱని చిగురు వచ్చెను, దానిని లెక్కపెట్టలేదు. భాద్రపదమున మొదటి చిగురు ముదిరి, దాని వెనుక రెండవది వచ్చెను. అప్పుడు కాని వేళ్ళు వచ్చినవని నమ్మలేదు.

వృక్షమును రోగిగా చూచుట మనకు క్రొత్త కాదు. సురపాలుని వృక్షాయుర్వేదము చెట్ల వ్యాధులను వాతపిత్తకఫములుగా విభజించి చికిత్స చెప్పినది. ఆక్స్‌ఫర్డులోని బోడ్లియన్ గ్రంథాలయమున ఉన్న ఆ వ్రాతప్రతిని నళినీ సాధలే అనువదింపగా, సికింద్రాబాదులోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ వారు 1996లో ప్రకటించిరి. మహబూబ్‌నగరు పిల్లలమఱ్ఱికి చెదలు పట్టి మహాశాఖ కూలిన పిమ్మట, 2018లో, ఆసుపత్రి సెలైన్ సీసాలవలె సీసాలు వ్రేలాడదీసి చుక్కచుక్కగా మందెక్కించిరి. ఆ చిత్రము చూచిన రోజున, చెట్టునకు ప్రాణమున్నదా యని వాదించువారిని ఆ ఊడల క్రిందికి తీసికొనిపోవలెననిపించినది.

ఇంతవరకు నాకు సందేహము లేదు. సందేహము నాకు సంస్కృతము చెప్పిన వృద్ధపండితుని నోట వచ్చినది. ఆయన మెట్లెక్కి వచ్చి, గోలెము చుట్టు తిరిగి చూచి, “నాయనా, బ్రతికించితివి, సంతోషము. ఇక దీనిని పళ్ళెములో పెట్టి, తీగ చుట్టి, పొట్టిగా ఉంచుదువా?” అని అడిగెను. అవుననుటకు నాకు నోరు రాలేదు. “మనువు చెట్లకు లోపల ఎరుక కలదనియు, సుఖదుఃఖములు కలవనియు చెప్పినాడు. జైనులు ఏకేంద్రియ జీవమనిరి. వృక్షములలో నేను అశ్వత్థమునని భగవానుడు గీత పదియవ అధ్యాయమున చెప్పుకొన్నాడు. పదునైదవ అధ్యాయమున అదే అశ్వత్థమును సంసారముగా చూపి, అసంగమను శస్త్రముతో నరుకుమన్నాడు. మ్రొక్కుటకు ఒక చోటు, నరుకుటకు ఒక చోటు కనబడుచున్నది కాని, తీగ చుట్టుటకు నాకెక్కడను చోటు కనబడలేదు” అనెను.

నాకు తోచిన మొదటి సమాధానము, ఆ గోడయే దానికి పళ్ళెము కదా, నేను పొట్టిగా చేయుట ఏమున్నది, అని. చాలమంది ఈ సమాధానముతో తృప్తిపడుదురు. నాకది చెల్లలేదు. గోడకు సంకల్పము లేదు, నాకున్నది. మనవారు బోన్సాయిని వామనవృక్షమని ఎంతయో ఇంపుగా పిలుతురు. కాని వామనుడు తన ఇచ్ఛచేత పొట్టివాడయ్యెను, తన ఇచ్ఛచేత పెరిగెను. ఈ రావి నా ఇచ్ఛచేత పొట్టిది కావలసియున్నది. మైసూరులో, తెలుగువారు విశేషముగా సేవించు అవధూత దత్తపీఠమున, బోన్సాయి వనమొకటి కలదనియు, 2016లో అక్కడ 2,600కు పైగా చెట్లను ప్రదర్శించి ప్రపంచ రికార్డు నెలకొల్పిరనియు నేను ఆయనతో అంటిని. “పీఠము చేసినదని నీకు చెల్లునా? వారి సేవ వారిది, నీ మనసు నీది” అని ఆయన నవ్వెను.

ఆ నవ్వును నేను చాలకాలము మోసితిని. నేలలో నాటుదమన్న, మా వీధిలో రావికి చాలినంత నేల లేదు; ఉన్నచోట నాటినను మరొక గోడను చీల్చును, మరొక మేస్త్రీ మరొక గడ్డపారతో వచ్చును. ఇక మిగిలినది తొట్టియే. తొట్టిని ఒప్పుకొన్న పిదప నాకు తెలిసినది, దానిలో బద్ధమైనది చెట్టు ఒక్కటియే కాదని. రోహిణికార్తెలో ప్రొద్దున ఒకమారు, సాయంకాలమొకమారు నీరు పోయవలెను. గాడ్పులు తీవ్రమైననాడు మధ్యాహ్నము కూడ. రెండు దినములు మరచినచో ఇరువదేండ్ల చెట్టు ఉండదు. గోడలో అది నన్ను అడుగలేదు, వానను కూడ అడుగలేదు. ఇప్పుడు దాని ఆకలికి, దప్పికకు నేను తప్ప వేరు దిక్కు లేకుండ చేసితిని. గత వేసవిలో బంధువులు కాశీకి పోవుచు రమ్మని పిలిచిరి, పోలేదు. దానికి విచారమును లేదు. పండితులవారు చెప్పిన శస్త్రము నరుకవలసినది మేడమీది రావిని కాదనియు, అది నాదనుకొనుటను అనియు, ఆ వేసవిలో నీళ్ళచెంబు పట్టుకొని నిలుచున్నప్పుడు నాకు కొంత తెలిసినది. ప్రాణము కాపాడుటవలన మనకు దానిమీద హక్కు రాలేదు; ఒక ఋణము మాత్రము మొదలైనది.

అఫ్జల్‌గంజిలో, ఉస్మానియా ఆసుపత్రి ఆవరణమున, మూసీ ఒడ్డున ఒక చింతచెట్టు కలదు. 1908 సెప్టెంబరు 28 నాటి వరదలో నగరము కొట్టుకొని పోవుచుండగా నూటయేబదిమంది దాకా దాని కొమ్మలెక్కి ప్రాణములు దక్కించుకొనిరని ప్రసిద్ధి. వారిలో ఒక్కనినైనను ఆ చింత నావాడవని అడుగలేదు. నేను ఆ దారిని పోవునప్పుడెల్ల ఒక నిమిషము ఆగుదును.

హిరోషిమాలో యమాకి కుటుంబమువారి ఇంట, 1625 నుండి తొట్టిలో పెంచిన ఒక పైన్ ఉండెను. 1945 ఆగస్టున బాంబు పడిన చోటికి ఆ యిల్లు రెండు మైళ్ళ దూరము. తోట చుట్టునున్న ఎత్తైన గోడ అడ్డుపడి చెట్టు బ్రతికినది. 1976లో మసారు యమాకి ఆ చెట్టును అమెరికాకు కానుకగా ఇచ్చివేసెను. ఇప్పుడది వాషింగ్టనులోని జాతీయ వృక్షోద్యానమున ఉన్నది. బాంబు సంగతి ఆయన చెప్పుకొనలేదు. 2001లో ఆయన మనుమలు చూడవచ్చి చెప్పినప్పుడే అక్కడివారికి తెలిసినది. తరతరములుగా నీరు పోసినవాడు, తన ఊరిని కాల్చినవారికే దానిని అప్పగించి, కథ కూడ తనదిగా ఉంచుకొనలేదు. పండితులవారికి ఈ సంగతి చెప్పితిని. ఆయన చాలసేపు మాటలాడక, “తీగ చుట్టుటకు చోటు అక్కడ ఉన్నదేమో” అనెను.

ఈ ఏడు ఆషాఢమున రావిని గోలెమునుండి లోతు తక్కువ తొట్టిలోనికి మార్చితిని. వేళ్ళు బాగుగా అల్లుకొన్నవి. చదునైన పాతవేరు అంచునుండి గుండ్రని క్రొత్తవేళ్ళు, తెల్లగా, దారములవలె. తీగ ఇంకను చుట్టలేదు. బెరడు మడతలలోని సున్నమును మాత్రము మెత్తని కుంచెతో తోమి శుభ్రము చేయవలెనని కుంచెయు నీళ్ళును సిద్ధము చేసికొంటిని. ప్రదర్శనకు పెట్టు చెట్టునకు అటువంటి మరకలుండరాదని పెంపకందార్ల మతము.

ఆనాడే చాంద్రాయణగుట్టనుండి ఖాలా ఎవరి పెండ్లికో మా వీధికి వచ్చి, మనుమని చేయి పట్టుకొని మెట్లు మెల్లగా ఎక్కి వచ్చెను. కుర్చీ వేసితిని, కూర్చుండలేదు. తొట్టి దగ్గర వంగి, కన్నులు చిట్లించి చూచి, మొదలుకు బల్లపరుపుగా ఉన్న ప్రక్కను, సున్నపు గీతమీద వ్రేలు పెట్టి, ఆ చివరినుండి ఈ చివరివరకు రాచెను. “హమారీ దీవార్” అని, మా గోడ యని, మనుమనితో చెప్పెను. వాడు నా చేతిలోని చెంబు తీసికొని నీళ్ళు పోసెను, కొంచెము ఎక్కువగానే. కుంచెను నేను లోపల పెట్టివేసితిని. ఆ సున్నము ఈనాటికిని అక్కడనే ఉన్నది.